స్థానిక ప్రభుత్వాల్లో పారదర్శకత: సామాజిక తనిఖీ చెప్పే సంగతులు

గ్రామ పంచాయతీ, మండల పరిషత్తు, జిల్లా పరిషత్తు, పురపాలక సంఘం వంటి సంస్థలు ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నాయో, ఏ పనికి ఎంత ఖర్చు పెట్టాయో, ఆ డబ్బు ఎవరి చేతికి చేరిందో అక్కడివాళ్ళకు అడగకముందే తెలియడాన్ని స్థానిక పాలనలో పారదర్శకత అంటారు. నిర్వచనం ఇంతవరకే అయితే కేంద్ర ప్రభుత్వ పారదర్శకతకూ దీనికీ ఉన్న తేడా మొత్తాల్లోనే కనిపిస్తుంది: అక్కడ లక్షల కోట్లు, ఇక్కడ లక్షలు. అసలు తేడా అది కాదు. ఢిల్లీ నుంచి వెలువడే ఖర్చుల పట్టికను చదివే పౌరుడు అందులోని అంకె నిజమో కాదో సొంతంగా తేల్చుకోలేడు. ఆడిటరును నమ్మాలి, లేదా పత్రికను నమ్మాలి. ఊళ్ళో మస్టరు, అంటే కూలీల హాజరు పట్టీ, చదివి వినిపిస్తే వినేవాళ్ళలో ఆ పేర్లుగలవాళ్ళే కూర్చుని ఉంటారు. చనిపోయినవాడి పేరున కూలి పడిందా, పట్నం వెళ్ళిపోయిన కుటుంబం చెరువులో పూడిక తీసినట్టు రాశారా, తవ్వని కాలువకు బిల్లు చేశారా అన్నది చెప్పడానికి అక్కడ నిపుణుడు అక్కర్లేదు. లెక్క చదివేవాడే దానికి సాక్షి కూడా కావడం స్థానిక ప్రభుత్వానికి మాత్రమే ఉన్న సౌలభ్యం. దీన్ని వాడుకోని పారదర్శకత, ఎన్ని పోర్టళ్ళు పెట్టినా, కాగితాన్ని ఒక బీరువా నుంచి ఇంకో బీరువాకు మార్చడంతో ఆగిపోతుంది. తెలుగు రాష్ట్రాల్లో రెండు దశాబ్దాలుగా సాగిన, ఉపాధి పనుల లెక్కను ఊరివాళ్ళ ముందే సరిచూసే సామాజిక తనిఖీ ఈ సౌలభ్యానికి ఉన్న బలాన్నీ, దాని హద్దునూ కూడా స్పష్టంగా చూపించింది.

లెక్క చెప్పనివాడికి పదవి లేదన్న నియమం దక్షిణదేశానికి కొత్తది కాదు. తమిళనాడులోని ఉత్తరమేరూరులో మొదటి పరాంతక చోళుడి కాలంలో, పదో శతాబ్ది తొలినాళ్ళలో, గుడి గోడమీద చెక్కిన శాసనం ఊరి సభ కమిటీలకు సభ్యులను కుండలో వేసిన ఓలల (తాటాకు చీటీల) నుంచి ఒకటి తీసి ఎంచుకునే పద్ధతిని వివరిస్తుంది. అంతకుముందు కమిటీలో ఉండి లెక్కలు ఒప్పజెప్పనివాడి పేరుగాని, అతని దగ్గరి బంధువుల పేర్లుగాని ఓలమీద రాయకూడదని అందులో ఉంది. దీన్ని మన ప్రాచీన గ్రామ ప్రజాస్వామ్యానికి ఆనవాలుగా ఉదహరించడం పరిపాటి. ఉదహరించేవాళ్ళు సాధారణంగా వదిలేసే సంగతి ఒకటుంది: ఆ సభ బ్రాహ్మణుల ఊరిది. పేరు రాయాలంటే పన్ను కట్టే భూమి, సొంత స్థలంలో ఇల్లు, వేదజ్ఞానం ఉండాలి. లెక్క చెప్పవలసింది సాటి భూస్వాములకే గాని, ఆ చెరువు తవ్విన మనిషికి కాదు. ఐరోపాలో ప్రభుత్వ పత్రాలను చూసే హక్కును మొదట చట్టంగా రాసుకున్న దేశం స్వీడన్, 1766లో. బ్రిటన్‌లో మార్గరెట్ థాచర్ పార్లమెంటులో అడుగుపెట్టిన కొత్తలో సొంతంగా ప్రతిపాదించి గెలిపించుకున్న 1960 నాటి చట్టం స్థానిక కౌన్సిళ్ళ సమావేశాల తలుపులు పత్రికలకూ ప్రజలకూ తెరిచింది. ఇవన్నీ పత్రం చదవగలవాడికి, సమావేశానికి పోగల తీరిక ఉన్నవాడికి ఇచ్చిన హక్కులు.

చదువురాని కూలీని లెక్క వినవలసిన మనిషిగా నిలబెట్టింది రాజస్థాన్. 1990లో ఏర్పడిన మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ ముందు ఉన్న సమస్య చాలా మామూలుది: కరవు పనుల్లో కనీస వేతనం ఇవ్వడం లేదు. కొలత తక్కువ వచ్చింది కాబట్టి కూలి తగ్గిందని ఇంజనీరు అంటాడు. కొలతల పుస్తకం చూపించమంటే అది ప్రభుత్వ రికార్డు, బయటివాళ్ళకు చూపించకూడదంటాడు. అంటే కూలి పెంచమని పోరాడాలంటే ముందు కాగితం చూపించమని పోరాడాలి. 1994 డిసెంబరులో పాలీ జిల్లా కోట్‌కిరానాలో వాళ్ళు తొలి జన్‌సున్వాయి (బహిరంగ విచారణ) జరిపి, సంపాదించిన బిల్లులనూ మస్టర్లనూ ఊరివాళ్ళ ముందు బిగ్గరగా చదివారు. 1996లో బ్యావర్ పట్టణంలో 40 రోజులు ధర్నా చేశారు. సమాచార హక్కు అనేది మేధావుల సెమినార్లలో పుట్టిన ఆలోచన అనుకునేవాళ్ళు గమనించవలసిన క్రమం ఇది: కూలి, దాని వెనక కొలత, దాని వెనక కాగితం, ఆ తర్వాతే చట్టం. ఆ సంఘటన్‌కు చెందిన అరుణా రాయ్, నిఖిల్ డే వంటివారు ఆ ఉద్యమాన్ని దేశవ్యాప్తం చేశాక 2005లో పార్లమెంటు సమాచార హక్కు చట్టాన్ని చేసింది. ఆ ఏడాది అక్టోబరు 12 నుంచి అది అమలులోకి వచ్చింది.

చట్టాల వరస చూస్తే మనకు లోటు తక్కువే. 1959లో రాజస్థాన్ తర్వాత పంచాయతీరాజ్ వ్యవస్థను నెలకొల్పిన రెండో రాష్ట్రం ఆంధ్రప్రదేశ్. 1993 ఏప్రిల్ 24న అమలులోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ గ్రామసభకు రాజ్యాంగంలో చోటిచ్చింది గాని, దానికి ఏ అధికారాలుండాలన్నది రాష్ట్ర శాసనసభల ఇష్టానికి వదిలింది. 1994 ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం, 2018 తెలంగాణ చట్టం ఆ ఖాళీని తమతమ పద్ధతుల్లో పూరించాయి. చెక్కుమీద సర్పంచితో పాటు ఉపసర్పంచి సంతకం కూడా ఉండాలన్నది తెలంగాణ చట్టం తెచ్చిన మార్పు. ఇద్దరూ ఒకే జట్టయితే రెండో సంతకానికి విలువ లేదు, వేర్వేరు జట్లయితే పని ముందుకు సాగదు. లోపలి కాపలాకు ఉన్న పరిమితి అది. బయటి కాపలాకు ఆధారం సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షన్. ప్రతి ప్రభుత్వ కార్యాలయం 17 రకాల వివరాలను ఎవరూ అడక్కుండానే ప్రకటించాలని, రాయితీ పథకాలకు కేటాయించిన మొత్తాలనూ లబ్ధిదారుల వివరాలనూ బయటపెట్టాలని, అదీ స్థానిక భాషలో, ఆ ప్రాంతంలో బాగా చేరే పద్ధతిలో చెప్పాలని అందులో ఉంది. దరఖాస్తు రుసుము విషయంలో కూడా తెలుగునాట నిబంధన ఉదారమైనదే: గ్రామస్థాయిలో అసలు లేదు, మండలస్థాయిలో ఐదు రూపాయలు, ఆపైన పది. ఇంత ఉన్నా పంచాయతీ కార్యాలయాల్లో నాలుగో సెక్షన్ వివరాలు కనిపించడం అరుదు. కనిపించినచోట అది రంగు వెలిసిన ఒక బోర్డు, అందులో సమాచార అధికారి పేరు, ఆ పేరుగలాయన ఎప్పుడో బదిలీ అయి ఉంటాడు.

ఈ నేపథ్యంలో 2006లో మొదలైన సామాజిక తనిఖీని చూడాలి. గ్రామీణ ఉపాధి హామీ పథకం దేశంలో ఆరంభమైంది ఆ ఏడాది ఫిబ్రవరి 2న, అనంతపురం జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలో. మొదటి విడత 200 జిల్లాల్లో 13 ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌వి. ఆ పథకానికి ఆధారమైన 2005 నాటి చట్టం 17వ సెక్షన్, పనులన్నిటిమీదా గ్రామసభ సామాజిక తనిఖీ జరపాలని, మస్టర్లు, బిల్లులు, వోచర్లు, కొలతల పుస్తకాలు, మంజూరు ఉత్తర్వుల నకళ్ళు అన్నీ పంచాయతీ దానికి అందుబాటులో ఉంచాలని చెప్పింది. చాలా రాష్ట్రాలు ఈ సెక్షన్‌ను ఏడాదికి రెండుసార్లు గ్రామసభ తీర్మానం రాసుకోవడంగా అర్థం చేసుకున్నాయి. తీర్మానం రాసేది పంచాయతీ కార్యదర్శి, అధ్యక్షత వహించేది సర్పంచి. తనిఖీ జరగవలసిందీ, జరిపేదీ ఒకరే అయినప్పుడు ‘పనులు సంతృప్తికరంగా ఉన్నవి’ అన్న వాక్యం తప్ప మరొకటి రాదు. ఆంధ్రప్రదేశ్ గ్రామీణాభివృద్ధి శాఖ వేరే దారి తొక్కింది. రాజస్థాన్ కార్యకర్తలను పిలిపించి పద్ధతి నేర్చుకుంది, తనిఖీ బాధ్యతను పథకం అమలు చేసేవాళ్ళ చేతుల్లోంచి తీసేసింది, 2009లో దానికోసం ఒక స్వతంత్ర సొసైటీని నమోదు చేయించింది. ఒక ప్రభుత్వమే తనమీద తాను ఫిర్యాదు రాయించుకునే ఏర్పాటు చేసుకోవడం మన పరిపాలనలో అరుదైన సంగతి. రాష్ట్రం విడిపోయాక రెండు రాష్ట్రాలకూ వేర్వేరు తనిఖీ సంస్థలు ఏర్పడ్డాయి.

పద్ధతి వివరాల్లోనే దాని సత్తా ఉంది కాబట్టి అక్కడ కొంచెం ఆగాలి. జిల్లా, రాష్ట్ర స్థాయి రిసోర్సు పర్సన్లు మండలానికి వచ్చి ఎంపీడీఓ కార్యాలయం నుంచి రికార్డులు తీసుకుంటారు. ఉపాధి కూలీల కుటుంబాల్లోంచే చదువుకున్న యువతీయువకులను ఎంచుకుని గ్రామ సామాజిక తనిఖీదారులుగా తర్ఫీదు ఇస్తారు. ఎవరినీ సొంత పంచాయతీకి పంపరు. అధికారుల ఆతిథ్యం తీసుకోకూడదు, ఊళ్ళోనే ఉండాలి. ఇల్లిల్లూ తిరిగి జాబ్ కార్డునూ పాస్‌పుస్తకాన్నీ మస్టరుతో పోల్చి చూస్తారు: ఎన్ని రోజులు పనికి పోయావు, ఎంత వచ్చింది, ఇక్కడ రాసింది ఇంత, ఇది నీ వేలిముద్రేనా? ఆపైన పని జరిగిన చోటికి పోయి టేపు పెట్టి కొలుస్తారు. వాంగ్మూలాలు రాసుకుంటారు. గ్రామసభలో అన్నీ చదువుతారు. అక్కడితో ఆగకుండా మండల కేంద్రంలో ప్రజావేదిక జరుపుతారు. జిల్లా అధికారుల ఎదుట ఒక్కో పంచాయతీ నివేదిక చదువుతుంటే ఫీల్డ్ అసిస్టెంటు, టెక్నికల్ అసిస్టెంటు, మేట్లు లేచి జవాబు చెప్పాలి. ఎంత సొమ్ము తిరిగి కట్టించాలో, ఎవరిని తొలగించాలో చాలావరకు ఆ వేదికమీదే ప్రకటిస్తారు.

ఈ ఏర్పాటులో మూడు పాత చిక్కులకు ఒకేసారి జవాబు దొరికింది. గ్రామసభకు దళితవాడ నుంచి ఎవరూ రారు, వచ్చినా మాట్లాడరు అన్నది మొదటిది. తనిఖీదారు ఇంటికే పోయి అడిగి రాసుకుంటాడు కాబట్టి సభలో నోరు తెరవాల్సిన భారం కూలీ ఒక్కడిమీదే పడదు. ఊరి పెద్దకు ఎదురుచెప్తే రేపు పొలం పనికి పిలవడేమోనన్న భయం రెండోది. సభ మండల కేంద్రానికి మారితే ఆ పెద్ద చుట్టూ పదిమంది పెద్దలుంటారు, అతని బరువు తగ్గుతుంది. చదువురాకపోవడం మూడోది. బిగ్గరగా చదవడం దాన్ని అప్రస్తుతం చేసింది. తర్వాత 2011లో కేంద్రం కాగ్‌తో సంప్రదించి దేశమంతటికీ చేసిన సామాజిక తనిఖీ నిబంధనల్లో స్వతంత్ర తనిఖీ విభాగం, సొంత పంచాయతీలో తనిఖీ చేయకూడదన్న నియమం చోటు చేసుకోవడం వెనక తెలుగునేల అనుభవం ఉంది.

ఇంత పకడ్బందీగా చేస్తే అవినీతి తగ్గి ఉండాలి. తగ్గిందా అన్న ప్రశ్నకు వచ్చిన జవాబు ఈ విషయాన్ని అభిమానించేవాళ్ళను ఇబ్బంది పెట్టేదే. ఆర్థికవేత్తలు ఫర్జానా ఆఫ్రిది, వెగార్డ్ ఐవర్సెన్ ఆంధ్రప్రదేశ్‌లో ఎనిమిది జిల్లాల్లోని 300 పంచాయతీల తనిఖీ నివేదికలను 2006 నుంచి 2010 వరకు వరసగా పరిశీలించారు. ఒకే పంచాయతీలో ఒకదాని తర్వాత ఒకటిగా తనిఖీలు జరిగినా మొత్తం అక్రమాలు తగ్గలేదని వారు తేల్చారు. సులువుగా పట్టుబడే కూలి చెల్లింపుల అక్రమాల స్థానంలో, పట్టుకోవడం కష్టమైన సామగ్రి ఖర్చుల అక్రమాలు పెరిగాయి. దొంగతనం ఆగలేదు, దారి మార్చుకుంది. ఇలాంటి ఫలితమే అంతకు ముందు ఇండోనేషియాలో బెంజమిన్ ఓల్కెన్ చేసిన ప్రయోగంలోనూ కనిపించింది. 600కు పైగా గ్రామాల్లో రోడ్లు వేస్తున్నప్పుడు కొన్నిచోట్ల ప్రభుత్వ ఆడిట్ తప్పక జరుగుతుందని ముందే చెప్పారు, కొన్నిచోట్ల లెక్క చెప్పే సమావేశాలకు ఊరివాళ్ళను పెద్దఎత్తున పిలిచారు. ఆడిట్ జరిగే అవకాశం 4 శాతం నుంచి 100 శాతానికి పెరిగినప్పుడు లెక్కకు దొరకని ఖర్చు 8 శాతం పాయింట్ల మేర తగ్గింది. ఊరివాళ్ళ సమావేశాల ప్రభావం సగటున స్వల్పం. కూలి ఖర్చులో కొంత ఆదా, సామగ్రిలో దాదాపు ఏమీ లేదు.

ఈ రెండు పరిశీలనలను చూపి, ప్రజలకు లెక్క చెప్పడం వృథా, పైనుంచి ఆడిటరును పంపితే చాలు అనేవాళ్ళున్నారు. ఆ ముగింపు తొందరపాటు. రెండు దేశాల్లోనూ తేడా కూలికీ సామగ్రికీ మధ్య వచ్చిందన్నది అసలు గమనించవలసిన సంగతి. తన కూలి ఎంతో కూలీకి తెలుసు, దాన్ని అడగడంలో అతనికి సొంత లాభముంది. సీసీ రోడ్డులో సిమెంటు పాలెంత, ఇసుక ఎన్ని ట్రాక్టర్లు పడింది, రోడ్డు మందం నాలుగు అంగుళాలా ఆరా అన్నది అతనికి తెలియదు. తెలిసినా ఆ నష్టం అందరిదీ కాబట్టి ఎవరిదీ కాదు. సాక్షి ఉన్నచోట బహిరంగ పఠనం పనిచేసింది, సాక్షి లేనిచోట చేయలేదు. కాబట్టి సామగ్రి విషయంలో చేయవలసింది లెక్క దాచిపెట్టడం కాదు, ఊరికి ఒక ఇంజనీరును అరువివ్వడం: రోడ్డును కోసి చూసే తనిఖీ, దాని ఫలితాన్ని అదే గ్రామసభలో చదవడం. ఓల్కెన్ ప్రయోగంలో కూడా ఆడిట్ ఫలితాలను గ్రామ సమావేశంలో చదువుతామని ముందే చెప్పారు. ఆడిటరు భయం, ఊరిముందు పరువు భయం అక్కడ కలిసే పనిచేశాయి. వాటిని ఒకదానికొకటి పోటీగా నిలబెట్టడం ఆ ప్రయోగాన్ని సగమే చదవడం.

ఆంధ్రప్రదేశ్‌లో ఫలితం తగ్గడానికి ఇంకో కారణం, నా దృష్టిలో ఇదే పెద్దది, తేలినదాని తర్వాత ఏం జరిగింది అన్నది. వేదికమీద ప్రకటించిన రికవరీలో చేతికి వచ్చేది కొంతే. శిక్ష పడినచోట అది ఎక్కువగా ఫీల్డ్ అసిస్టెంటు దగ్గర ఆగుతుంది. అతను తక్కువ జీతంమీద పనిచేసే తాత్కాలిక ఉద్యోగి, తొలగించడం సులువు. కొలతల పుస్తకంమీద సంతకం పెట్టిన ఇంజనీరుమీద చర్యకు శాఖాపరమైన విచారణ కావాలి, అది ఏళ్ళు పడుతుంది. ఈ లోటు తెలిసే 2012లో రాష్ట్రం సామాజిక తనిఖీ ప్రోత్సాహానికీ అవినీతి నివారణకూ ప్రత్యేక చట్టం చేసింది. అక్రమాలను విచారించడానికి సంచార కోర్టులు పెట్టవచ్చని అందులో రాశారు. చట్టం ఉండటం వేరు, కోర్టు ఊరికి రావడం వేరు. రెండోసారి తనిఖీకి వచ్చిన బృందానికి పోయినసారి వాంగ్మూలమిచ్చిన కూలీ తలుపు తీయకపోతే తప్పు ఆ కూలీది కాదు. మాట్లాడినందుకు తనకేదీ దక్కలేదు, ఎవరిమీద మాట్లాడాడో ఆ మనిషి మాత్రం అదే ఊళ్ళో ఉన్నాడు.

సమాచారం బయటికి రావడంతోనే పరిస్థితి మారిన ఉదాహరణలు లేకపోలేదు, కాని వాటిలోనూ అడిగే మనిషి, అడిగితే కదిలే వ్యవస్థ వెనక ఉన్నాయి. ఉగాండాలో 1991-95 మధ్య కేంద్రం పాఠశాలలకు పంపిన తలసరి నిధుల్లో సగటున 13 శాతమే బడికి చేరిందని ఒక సర్వేలో తేలింది. మిగిలింది జిల్లా స్థాయిలో ఇంకిపోయింది. జిల్లాలకు ఎంత పంపామో ప్రభుత్వం పత్రికల్లో ప్రకటించడం మొదలుపెట్టాక, 2001 నాటికి ఆ వాటా 80 శాతం దాటింది. అదే కాలంలో నిధుల విడుదల పద్ధతిలోనూ వేరే సంస్కరణలు వచ్చాయని, ఘనతంతా పత్రికా ప్రకటనదే కాదని విమర్శకులు చెప్పిన మాట సబబే. బ్రెజిల్‌లో 2003 నుంచి లాటరీ తీసి మునిసిపాలిటీలను ఆడిట్ చేసినప్పుడు అక్రమాలు బయటపడిన మేయర్లు మళ్ళీ గెలిచే అవకాశం తగ్గింది. స్థానిక రేడియో ఉన్న ఊళ్ళలో ఇంకా తగ్గింది. దీనికి తలకిందులైన కథ కాలిఫోర్నియాలోని బెల్ పట్టణానిది. ముప్పై ఏడు వేల జనాభా ఉన్న ఆ పేద ఊరిలో నగర మేనేజరు ఏడాదికి దాదాపు 8 లక్షల డాలర్ల జీతం తీసుకుంటున్నాడని 2010లో లాస్ ఏంజెలెస్ టైమ్స్ రాసేదాకా బయటి ప్రపంచానికి తెలియదు. తెలుగు పత్రికలు ఈ విషయంలో ఒక ప్రత్యేక పాత్ర పోషించాయి. 1989లో ‘ఈనాడు’ జిల్లా సంచికలు మొదలుపెట్టాక తక్కిన పత్రికలూ అదే బాట పట్టాయి. మంచినీటి ట్యాంకు, వీధిదీపం, పంచాయతీ తీర్మానం వార్తలయ్యాయి. అయితే మండల విలేకరి బతుకు స్థానిక నాయకులిచ్చే ప్రకటనల కమీషనుమీద ఆధారపడినంతకాలం ఆ వార్తకు ఎక్కడ కత్తెర పడుతుందో ఊహించడం కష్టం కాదు.

పారదర్శకతకు చెప్పే అభ్యంతరాల్లో కొన్ని తేలికగా కొట్టిపారేయదగినవి కావు. పేర్లు బయటపెడితే ఊళ్ళో తగాదాలు పెరుగుతాయన్నది ఒకటి. నిజమే, పింఛను జాబితా గోడమీద అంటిస్తే ఎవరికి అర్హత లేకుండా వచ్చిందో అందరికీ తెలిసి మాటామాటా పెరుగుతుంది. కాని ఆ జాబితా దాస్తే తగాదా తగ్గదు, అర్హత ఉండీ రానివాడికి తనెందుకు మిగిలిపోయాడో తెలియకుండా పోతుంది, అంతే. వ్యక్తిగత గోప్యత ఇంతకంటే బరువైన అభ్యంతరం. లబ్ధిదారు ఆధార్ సంఖ్య, బ్యాంకు ఖాతా, జబ్బు వివరాలు గోడకెక్కడం అన్యాయం. ప్రభుత్వ వెబ్‌సైట్లలో అలా ఎక్కిన సందర్భాలూ ఉన్నాయి. అయితే 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం దీనికి చేసిన చికిత్స రోగానికి మించినది. అది సమాచార హక్కు చట్టం ఎనిమిదో సెక్షన్‌లోని ఒక నిబంధనను మార్చింది. ప్రజా వ్యవహారంతో సంబంధంలేని వ్యక్తిగత సమాచారాన్నే నిరాకరించవచ్చన్న పాత మాట పోయి, వ్యక్తిగత సమాచారమైతే చాలు నిరాకరించవచ్చన్న మాట వచ్చింది. విస్తృత ప్రజాహితం ఉంటే ఇవ్వవచ్చన్న వేరే నిబంధన మిగిలి ఉందని ప్రభుత్వ వాదన. కాని ఆ హితాన్ని నిర్ణయించేది కాగితం తన దగ్గర పెట్టుకున్న అధికారే. మస్టరులో పేరు వ్యక్తిగత సమాచారమే, పేరు తీసేస్తే అది మస్టరు కాదు. ప్రజల డబ్బు ఎవరికి, ఎంత, దేనికి చేరిందన్న మూడు వివరాలు బహిరంగంగానూ, తక్కినవి గోప్యంగానూ ఉంచడం సాంకేతికంగా కష్టమైన పనేమీ కాదు.

సమాచార హక్కు పేరుతో బెదిరింపులు పెరిగాయని, ప్రతి సంతకానికీ జవాబు చెప్పాల్సి వస్తే అధికారులు ఏ పనీ చేయరని ఇంకో ఫిర్యాదు. బెదిరింపులున్న మాట వాస్తవం. కాని బెదిరించేవాడి దగ్గర ఉన్న సరుకు తాను సంపాదించిన కాగితం బయటపెడతానన్న మాట ఒక్కటే. నాలుగో సెక్షన్ కింద ఆ కాగితం ముందే బయట ఉంటే అతనికి అమ్ముకోవడానికి ఏమీ మిగలదు. అంటే ఈ రుగ్మత పారదర్శకత ఎక్కువై వచ్చింది కాదు, తక్కువై వచ్చింది. నిర్ణయం తీసుకునే ముందు చర్చించుకోవడానికి కొంత మరుగు కావాలన్న మాటలో మాత్రం న్యాయముంది. టెండరు తెరవకముందు రేట్లు బయటికి పోకూడదు. బ్రిటన్ 1960 చట్టం కూడా అవసరమైనప్పుడు, కారణం చెబుతూ తీర్మానం చేసి, జనాన్ని బయటికి పంపే వెసులుబాటు ఉంచింది. నిర్ణయం అయిపోయి బిల్లు చెల్లించాక ఆ మరుగుకు సాకు లేదు.

అన్నిటికంటే గట్టి అభ్యంతరం సర్పంచులది. చేతిలో డబ్బూ అధికారమూ లేని పంచాయతీని గాజుపెట్టెలో పెట్టి, వాటిని పట్టుకున్న పై ప్రభుత్వాన్ని తెరచాటున ఉంచితే అది పారదర్శకత కాదంటారు వాళ్ళు. దీనికి ఆధారాలున్నాయి. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి గ్రామీణ స్థానిక సంస్థలకు 2,36,805 కోట్లు సిఫార్సు చేసింది. అందులో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యం వంటి పనులకే ముడిపెట్టింది. నిధులు అందాలంటే పోయిన ఏడాది తాత్కాలిక లెక్కలూ, అంతకుముందటి ఏడాది ఆడిట్ అయిన లెక్కలూ ఆన్‌లైన్‌లో పెట్టాలన్న షరతు విధించింది. 2020 ఏప్రిల్‌లో ప్రారంభమైన ఈ-గ్రామ్ స్వరాజ్ పోర్టల్‌లో ఇప్పుడు ఏ పంచాయతీ ఏ వోచరుకు ఎంత చెల్లించిందో ఇంట్లో కూర్చుని చూడవచ్చు. పంచాయతీ లెక్క అలా తెరిచారు. ఆంధ్రప్రదేశ్‌లో 2021లో అవే ఖాతాల నుంచి కరెంటు బకాయిల కింద నిధులు మళ్ళించినప్పుడు సర్పంచులు తమకు చెప్పకుండా తీశారని రోడ్డెక్కారు. ఆ ఏడాదే రాష్ట్ర ప్రభుత్వం తన ఉత్తర్వులను వెబ్‌సైట్‌లో పెట్టడం ఆపేసింది, తర్వాతి ప్రభుత్వం 2024లో తిరిగి మొదలుపెట్టింది. ఎన్నికలే జరగకపోతే లెక్క అడగవలసిన మనిషే మాయమవుతాడు. 2018 నుంచి 2021 వరకు ఆంధ్రప్రదేశ్‌లో, 2024 ఫిబ్రవరిలో పాలకవర్గాల గడువు ముగిశాక తెలంగాణలో పంచాయతీలు ప్రత్యేకాధికారుల చేతుల్లోకి పోయాయి. ప్రత్యేకాధికారి జవాబు చెప్పేది కలెక్టరుకు, గ్రామసభకు కాదు. ఈ అభ్యంతరం పారదర్శకత అక్కర్లేదనడానికి ఆధారం కాదు, అది పైకి కూడా పాకాలనడానికి ఆధారం. తనకు రావలసిన ఆర్థిక సంఘం నిధి ఎప్పుడు విడుదలైంది, ఎక్కడ ఆగింది అన్నది గ్రామసభకు తెలియకపోతే పని కాలేదన్న నిందంతా సర్పంచిమీదే పడుతుంది, అసలు కారకుడికి అది అంటదు.

2024 ఆగస్టు 23న ఆంధ్రప్రదేశ్‌లో 13,326 పంచాయతీల్లో ఒకేరోజు గ్రామసభలు జరిపి ఉపాధి పనులకు తీర్మానాలు చేయించారు. సంఖ్య గొప్పదే. ఏ పనులు చేయాలో అడగడం సులువు, ఆ సభలో అందరికీ ఏదో ఒకటి దొరుకుతుంది. చేసిన పనుల లెక్క చదవడానికి ఒకేరోజు అన్ని ఊళ్ళలో సభలు పెట్టే ఉత్సాహం ఏ ప్రభుత్వమూ ఇంకా చూపలేదు. రెండో రకం సభకు ఖర్చు, తర్ఫీదు పొందిన మనుషులు, కొన్ని రోజుల తిరుగుడు కావాలి. ఉపాధి హామీలో కేంద్రం పథకం ఖర్చులో అర శాతం వరకు సామాజిక తనిఖీకి ఇవ్వడానికి ఒప్పుకుంది. పంచాయతీ సొంత పన్నుల ఆదాయానికీ, ఆర్థిక సంఘం నిధులకూ, ఇళ్ళ పథకాలకూ అదే కట్టుదిట్టమైన పద్ధతిని వర్తింపజేస్తే అయ్యే ఖర్చు ఇంతకంటే చాలా ఎక్కువ ఉండనక్కర్లేదు.

పట్టణాల సంగతి వేరు, అక్కడ ఈ పద్ధతి కాలు పెట్టడానికి కూడా చోటు లేదు. 74వ సవరణ మూడు లక్షలు దాటిన జనాభా ఉన్న పట్టణాల్లో వార్డు కమిటీలుండాలంది గాని, గ్రామసభలాంటి ఓటర్లందరి సభను పట్టణానికి ఇవ్వలేదు. పక్క ఫ్లాటులో ఎవరుంటారో తెలియని వీధిలో మస్టరు చదివితే పేరు గుర్తుపట్టేవాళ్ళుండరు. అందుకని పట్టణ పారదర్శకత ఎక్కువగా యంత్రంమీద ఆధారపడింది: 2003లో ఆంధ్రప్రదేశ్ మొదలుపెట్టిన ఈ-ప్రొక్యూర్‌మెంట్, 2020లో తెలంగాణ తెచ్చిన భవన అనుమతుల ఆన్‌లైన్ విధానం వంటివి. ఇవి దరఖాస్తుదారుకూ గుత్తేదారుకూ మేలు చేశాయి, టేబులు కింద చేతులు కొంత తగ్గాయి. కాని టెండరు ఎవరికి దక్కిందో చూపించే పోర్టల్, ఆ గుత్తేదారు వేసిన డ్రైనేజీ పైపు లోతు ఎంతో ఆ వీధివాళ్ళకు చూపించదు. కొలతల పుస్తకం ఇప్పటికీ ఇంజనీరు గదిలోనే ఉంది. వీధివాళ్ళకు లోతు తెలిసేది మొదటి వానకు, అప్పటికి ఫైనల్ బిల్లు చెల్లించేసి ఉంటారు.